మొగ దగ్గర వంతు

రేపల్లె స్టేషన్ రోడ్డులో సంజీవరావు మేతల కొట్టుంది. ఆ కొట్టు వెనకున్న ఇరుకు గదిని అందరూ ల్యాబ్ అంటారు. రొయ్యల చెరువులున్నవాళ్ళు పొద్దున్నే మోటారు సైకిళ్ళ మీద వచ్చి, కూల్‌డ్రింకు సీసాల్లో పట్టుకొచ్చిన చెరువు నీళ్ళు బల్ల మీద పెట్టేసి, ఎదురు హోటల్లో టిఫిన్ చేసి వస్తారు. ఈలోపు పావని ఆ నీళ్ళలో చుక్కల మందు వేసి, తిరిగిన రంగును బట్టి అమ్మోనియా ఎంతుందో, ఉప్పెంతుందో, రొయ్య పీల్చుకోవడానికి గాలెంత మిగిలిందో తేల్చి పెడుతుంది. పరీక్ష ఉచితం. పరీక్షలో ఏది తేలినా పోయేటప్పుడు ముందు కొట్లో ఏదో ఒక డబ్బా కొనుక్కోవాలి, అది ఉచితం కాదు.

ఏటి గట్టున తను పుట్టిన జాలర్ల పాలెంలో అంత చదువు చదివిన మొదటి మనిషి పావని. బాపట్లలో హాస్టల్లో ఉండి జువాలజీలో పీజీ చేసింది. ఈ ఉద్యోగం వచ్చినప్పుడు తండ్రి పున్నారావు, "మా అమ్మాయి నీళ్ళకి డాక్టరయింది" అని కనపడినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. చెరువు నీళ్ళకి నాన్నా, ఏటి నీళ్ళకి కాదు అని ఆమె సరిదిద్దలేదు. ఆ రెండు నీళ్ళకీ మధ్య ఉన్న సంగతి తండ్రికి ఎంత తెలుసో ఆమెకి అంతకన్నా బాగా తెలుసు.

చెరువులో రొయ్య తిన్నది పెంటవుతుంది, తినకుండా వదిలింది కుళ్ళుతుంది. నీళ్ళు చిక్కబడతాయి. అప్పుడు పావని చెప్పే మాట ఒకటే: "నీళ్ళు మార్చండి." మార్చడమంటే పాత నీళ్ళు తూము ఎత్తి వదిలేసి, కొత్త నీళ్ళు మోటారుతో తోడుకోవడం. వదిలిన నీళ్ళు డ్రైనులో పడతాయి. వరి చేలల్లో చల్లిన యూరియా కడుక్కుని వచ్చే నీళ్ళు కూడా పైనుంచి ఆ డ్రైనులోకే దిగుతాయి. డ్రైను పోయి ఉప్పుటేట్లో పడుతుంది. ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగ పక్కనే పాలెం. మేతా ఎరువూ కలిసిన ఆ నీళ్ళు ఏట్లో పడితే నాచు పెరుగుతుంది. పెరిగిన నాచు చచ్చి కుళ్ళేటప్పుడు నీళ్ళలో ఉన్న గాలంతా తాగేస్తుంది. చేపకి మిగలదు. ఇదంతా పావని ఒకప్పుడు పరీక్షలో బొమ్మ గీసి మరీ రాసి, మంచి మార్కులు తెచ్చుకుంది.

మొగ దగ్గర వంతుల సంగతి మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. ఏరు సముద్రంలోకి దిగే చోట అడ్డంగా గుంజలు పాతి కట్టుడు వల కడతారు. పోటుతో ఏట్లోకి ఎక్కిన చేప, పాటు తీసేటప్పుడు నీళ్ళతో కలిసి వెనక్కి దిగి ఆ వలలో పడుతుంది. ఆ వలకి మొగలో చోటు ఒక్కటే. అందుకని పెద్దలు ఎప్పుడో ఒక కట్టుబాటు పెట్టారు. అమావాస్యకీ పున్నమికీ పెద్ద పోట్లు వచ్చే నాలుగు రోజులూ ఒక ఇంటి వంతు. చీట్లు వేసి వరస తీస్తారు. వంతు అమ్ముకోకూడదు, మార్చుకోకూడదు. వల దించే మగమనిషి ఇంట్లో లేకపోతే ఆ వంతు పోయినట్టే. ఇళ్ళు ఎక్కువ, మొగ ఒకటి. ఒకసారి పోతే మళ్ళీ రావడానికి ఏడాది దాటుతుంది. మిగతా రోజుల్లో పీతలకో, విసురు వలకో, ఐసు మోయడానికో పోయి పొయ్యి వెలిగించుకోవచ్చు. ఇల్లు నిలబడేది మాత్రం వంతు మీదే.

పోయిన వంతుకి పున్నారావు వల ఎత్తితే పచ్చటి జిగురూ, దానిలో ఇరుక్కుని చచ్చిన నాలుగు జెల్ల చేపలూ వచ్చాయి. ఆ వలని ఉతకడానికి భార్య కాంతమ్మ చేతులు పుండ్లు పడ్డాయి. ఈసారి వంతు వైశాఖ అమావాస్యకి వచ్చింది.

"ఈసారి కూడా అట్టాగే అయితే గుంజలు ఎవరికన్నా ఇచ్చేసి ఐసు ఫ్యాక్టరీకి పోతానమ్మాయ్" అన్నాడు ఆయన, అన్నం తింటూ. "నా భుజాలు ఇంకో వంతుకి ఆగవు."

ఐసు మోసే భుజాలు వల ఎత్తలేవా అని కాంతమ్మ దెప్పింది. ఆయన నవ్వలేదు. ఆ నవ్వకపోవడం పావని మనసులో పడింది.

అమావాస్య దగ్గర పడుతుండగా రమేష్ బాబు సీసా పట్టుకుని ల్యాబుకి వచ్చాడు. డ్రైను పక్కన చెరువులు కౌలుకి చేసే మనిషి. మాటకారి.

"ఏంటి మేడం, గోంగూర పులుసులాగా ఉందా?"

"అంతకన్నా చిక్కగా ఉందండి."

"మారుద్దామా మరి? అమావాస్య పాటు వస్తందిగా, తూము ఎత్తేస్తా."

పావని సీసాని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. మార్చమని చెప్పాలి. చదువు చెప్పేదీ అదే, ఉద్యోగం చెప్పేదీ అదే.

"ఇప్పుడొద్దండి" అంది. "అమావాస్యకి అందరూ వదుల్తారు. మీరు తోడుకునేది కూడా ఆ ఏటి నీళ్ళేగా. అందరి మురుగూ తెచ్చి మీ చెరువులో పోసుకున్నట్టు ఉంటది. ముందు మినరల్ చల్లండి. బెల్లంలో పులియబెట్టి ఆ ప్రోబయోటిక్ కొట్టండి. మేత సగం తగ్గించండి. పోటు వెళ్ళాక చెప్తా, అప్పుడు మార్చుకుందురు."

అందులో ఒక్క మాట అబద్ధం కాదు. అదే చిక్కు. రమేష్ బాబు తల గోక్కుని, "మీరు ఎట్టా అంటే అట్టాగే" అని రెండు డబ్బాలు కొనుక్కుని వెళ్ళాడు.

తర్వాత వచ్చినవాళ్ళకీ అదే చెప్పింది. ఆ డ్రైను వెంబడి చెరువులన్నిటికీ మేత సంజీవరావు కొట్టు నుంచే పోతుంది. కాబట్టి సీసాలన్నీ ఆ బల్ల మీదకే వస్తాయి. డబ్బాలు అయిపోయి, గుంటూరు నుంచి మళ్ళీ తెప్పించాల్సి వచ్చింది. "బెల్లం కూడా మన కొట్లోనే పెడదామేంటమ్మా" అన్నాడు సంజీవరావు సంతోషంగా. నెలల తరబడి ఆమెతో అంత తియ్యగా మాట్లాడలేదాయన.

హెలెన్‌కి మాత్రం అనుమానం వచ్చింది. ఆమె తెనాలి నుంచి రోజూ పొద్దుటి రైల్లో వచ్చి ల్యాబులో పావని పక్కన పనిచేస్తుంది. వాళ్ళ నాన్న చర్చిలో గంట కొట్టే మనిషి, ఈమె ఇంటికి మొదటి డిగ్రీ. ఇద్దరికీ అందుకే కుదిరింది.

"పొద్దుట్నుంచీ చూస్తన్నా. వచ్చినోళ్ళందరికీ ఆగమనే చెప్తన్నావు. ఏంటే, నీళ్ళకి ముహూర్తం పెడుతున్నావా?"

పావని చెప్పేసింది. తండ్రి వంతు గురించి, పోయినసారి జిగురు గురించి.

హెలెన్ పరీక్ష గొట్టాలు కడగడం ఆపింది. "మీ నాన్న కోసం చేస్తన్నావు, కాదనను. మరి ఆగిన నీళ్ళు ఎటు పోతాయే?"

"అమావాస్య వెళ్ళాక మధ్య రోజుల్లో వదిలిస్తా. ఒక్కొక్కళ్ళకి ఒక్కో రోజు చెప్తా. కొంచెం కొంచెంగా పోతే ఏరు తట్టుకుంటది. నిజానికి ఇప్పుడు చేసేదానికన్నా అదే మంచి పద్ధతి."

"నువ్వు చెప్తే వింటారా?"

"ఆగమంటే ఆగారుగా."

"ఆగమంటే ఎవడైనా ఆగుతాడే, పనేముంది అందులో" అని హెలెన్ మళ్ళీ గొట్టాల మీద పడింది.

అమావాస్యకి ముందురోజు పావని సెలవు పెట్టి పాలెంలోనే ఉండిపోయింది. పోటు ఎక్కి దిగేసరికి ఏరు తేటపడింది. డ్రైను నుంచి పచ్చచార రావడం లేదు. పున్నారావు గుంజ పట్టుకుని నడుము లోతు నీళ్ళలో నిలబడి కిందకి చూశాడు.

"అమ్మాయ్, నా కాళ్ళు కనపడతన్నాయి చూడవే" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

వల ఎత్తడానికి పక్కింటివాళ్ళు సాయం రావాల్సి వచ్చింది. పండుగప్పలు, తెల్ల రొయ్యలు, బుట్ట నిండా పీతలు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మొదటి ఎత్తులో ఇంటింటికీ ఒక చేప పంచడం పాలెంలో ఆనవాయితీ. ఆ ఆనవాయితీ జరిగి చాలాకాలమైంది, పంచడానికి పడితేగా. కాంతమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి ఇచ్చి వచ్చింది. పున్నారావు గంగమ్మకి కొబ్బరికాయ కొట్టాడు. ఆ పొగడ్త అంతా గంగమ్మకి పోతుంటే పావనికి నవ్వూ వచ్చింది, ఎందుకో భయమూ వేసింది.

పున్నమి వంతు వీరరాఘవమ్మది. మొగుడు పోయిన మనిషి. ఒక్కడే కొడుకు బ్రహ్మాజీ చీరాలలో పవర్‌లూమ్ మీద పనిచేస్తున్నాడు. ఏట్లో ఏముందని రావాలి అని ఈసారి వంతు వదిలేద్దామనే అనుకున్నారు ఇద్దరూ. కాంతమ్మ పంపిన చేప పులుసు గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చిన ఆమెని పున్నారావు కూర్చోమన్నాడు.

"పిల్లాణ్ణి పిలిపించు చెల్లెమ్మా. ఏరు బాగుపడింది. నా కళ్ళతో చూశాగా."

"మగ్గం వదిలి వస్తే ఇంకొకణ్ణి పెట్టుకుంటారంట అన్నయ్యా. వాడు మొన్ననే చెప్పాడు."

"మగ్గందేముంది, ఎక్కడైనా దొరుకుద్ది. వంతు దొరుకుద్దా?"

వీరరాఘవమ్మ పావని వైపు తిరిగింది. "ఏమే కోడలా, నువ్వు చదువుకున్నదానివి. నిజంగా బాగుపడిందంటావా?"

పావని నోట్లో అన్నం ముద్ద ఉంది. మింగి చెబుదామనుకుంది. మింగాక, తండ్రి మొహం చూసింది. ఆ మొహంలో ఎన్నేళ్ళకో వచ్చిన వెలుగు చూసింది.

"ఇప్పటికైతే బానే ఉంది అత్తా" అంది.

అది కూడా అబద్ధం కాదు.

అమావాస్య పోటు వెళ్ళిపోయిన మర్నాడే పావని ఫోను పట్టుకుని కూర్చుంది. రమేష్ బాబుకి ఇవాళ, ఆయన పక్క చెరువుకి రేపు, ఆ పైవాళ్ళకి ఎల్లుండి అని వరస వేసుకుంది.

"ఇవాళ తూము ఎత్తండి. సగమే ఎత్తండి."

"ఇవాళా? పాటెక్కడుంది మేడం?" అన్నాడు రమేష్ బాబు. "అష్టమి దగ్గర పడతంటే ఏరు కదలదు. తూము ఎత్తితే డ్రైన్లో నీళ్ళే ఎదురొచ్చేట్టు ఉన్నాయి. మొగ పక్కన పుట్టినవాళ్ళు, మీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. నడక రాకముందే పోటూ పాటూ చూసిన పిల్ల. అమావాస్యకీ పున్నమికీ మధ్య ఏరు పడుకునే ఉంటుందని తండ్రి ఎన్నిసార్లు అన్నాడో. పావనికి అది తెలుసు, అయినా లెక్కలోకి తీసుకోలేదు. నీళ్ళని సీసాల్లో చూసి చూసి, అవి ఎప్పుడంటే అప్పుడు కదులుతాయనుకుంది.

మిగతావాళ్ళదీ అదే మాట. ఒకరిద్దరు ఆమె మొహం చూసి కాస్త ఎత్తారు, మర్నాడు దించేశారు. మిగిలినవాళ్ళు పున్నమి పాటుకే వదులుతామన్నారు. ఇంతలో మబ్బు పట్టి గాలి ఆడకుండా ఉక్క పోయడం మొదలైంది. రొయ్యలు పైకి తేలి తిరుగుతున్నాయని పరుగున వచ్చారు. బల్ల మీద సీసాలు ఒకదాని పక్కన ఒకటి, అన్నీ నల్లపచ్చగా. ఆపి ఉంచిన చెరువులు అవి. ఇంకా ఆపమంటే చెరువుతో పాటు కౌలు రైతులూ మునుగుతారు. వదలమంటే ఏరు మునుగుతుంది.

పావని కొట్లోకి వెళ్ళింది. "సార్, అందరూ ఒకే పాటుకి వదలకుండా మీరొక మాట చెప్పండి. మీరు చెప్తే వింటారు. కొంతమంది ఈ పున్నమికి, కొంతమంది..."

"కొంతమంది రొయ్యలు చచ్చాకనా?" అన్నాడు సంజీవరావు, కళ్ళజోడు మీదగా చూసి. "చెరువు వాళ్ళది, తూము వాళ్ళది, డ్రైను గవర్నమెంటుది. మనదేముందమ్మా, డబ్బా ఒక్కటేగా. నువ్వు చెప్పాల్సింది చెప్పావు. పోయి సీసాలు చూసుకో."

సాయంత్రం స్టేషన్‌కి వెళ్ళేటప్పుడు హెలెన్, "పున్నమి వంతు మీ పాలెంలో ఒక అత్తదన్నావుగా, ఆమెకి చెప్పవే. వల దించకముందే చెప్పు" అంది.

చెబుదామనే పావని బస్సెక్కింది. ఏటి గట్టున బ్రహ్మాజీ గుంజలు సరిచేస్తున్నాడు. చీరాలలో మగ్గం వదిలేసి వచ్చేశాడు. ఆమెని చూసి చేతులు దులుపుకున్నాడు.

"రా డాక్టరమ్మా. మీ నాన్న పట్టినవాటికన్నా పెద్ద పండుగప్ప పట్టకపోతే నా పేరు మార్చుకుంటా."

"బావా, ఈ వంతు వదిలేస్తే ఏమవుద్ది?"

"వదిలేస్తే మా అమ్మ నన్ను వదిలేస్తది." నవ్వాడు. తర్వాత ఆమె మొహం చూసి, "ఎందుకు? ఏమన్నా ఉందా?" అన్నాడు.

ఉంది అని చెప్పాలంటే ఏముందో చెప్పాలి. ఏముందో చెబితే, అమావాస్యకి ఏరు ఎందుకు తేటగా ఉందో చెప్పాలి. కొంచెం అవతల పున్నారావు వీరరాఘవమ్మ వలకి చిరుగులు అల్లి పెడుతున్నాడు. గంగమ్మ కరుణ గురించి ఎవరికో చెబుతున్నాడు.

"ఏం లేదులే. ఉక్కగా ఉంది, వాన పడుద్దేమోనని" అంది పావని.

తెల్లారేసరికి ఏరు చచ్చింది.

పున్నమి పాటు మొదలుకాగానే డ్రైను వెంబడి తూములన్నీ లేచాయి. పక్షం రోజులు ఆపిన మురుగు ఒక్కసారిగా దిగింది. నల్లటి నీళ్ళు, మీద తెట్టె, కుళ్ళిన గుడ్ల వాసన. పావని వెళ్ళేసరికి ఒడ్డున జనం. కొన ఊపిరితో ఉన్న చేపలు నోళ్ళు నీటిపైకి పెట్టి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. పీతలు ఏరు వదిలి గట్టెక్కి పాకుతున్నాయి. బ్రహ్మాజీ వల ఎత్తాడు. నిండుగానే ఉంది. పండుగప్పలు, అమావాస్యకి పడినవాటికన్నా పెద్దవి, కళ్ళు తెల్లబడి, కడుపులు ఉబ్బి.

చేపలు కొనే సాయిబు వచ్చి ఒక చేప మొప్ప ఎత్తి చూసి కింద పడేసి, బండెక్కి వెళ్ళిపోయాడు.

వీరరాఘవమ్మ ఏడవలేదు. వలలోంచి ఒక్కొక్క చేపనీ తీసి గట్టున వరసగా పెడుతూ ఉంది, అమ్మకానికి పేర్చినట్టు. పావనిని చూసి, "నువ్వు రావడం మంచిదైంది" అంది. "మన పిల్లే ఉంది, నీళ్ళు చూసి చెప్పుద్ది అని అందరికీ చెప్పా. చూడు. ఏమైందో నీ నోటితోనే చెప్పు. చెరువులోళ్ళ దగ్గరికి పోదాం."

కులపెద్ద ముత్తయ్య అప్పటికే జనాన్ని కూడగట్టాడు. పావనిని ముందు పెట్టుకుని గట్టు వెంబడి నడిచారు. రాననడానికి ఆమెకి దారి లేకపోయింది. పక్కన పున్నారావు నడుస్తున్నాడు. "భయపడకు అమ్మాయ్, ఉన్నది ఉన్నట్టు చెప్పు" అన్నాడు.

రమేష్ బాబు చెరువు గట్టు మీద షెడ్డులోంచి బయటికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన చెరువులోనూ ఒక వారగా చచ్చిన రొయ్యలు కొట్టుకొచ్చి ఉన్నాయి.

"ఏంటయ్యా, మమ్మల్ని బతకనివ్వరా?" అన్నాడు ముత్తయ్య. "విషమంతా ఒక్కసారే వదుల్తారా?"

"ఒక్కసారే వదలాలని నాకేమన్నా సరదానా పెద్దాయనా? ఎప్పుడూ పాటుకింత, పాటుకింత వదిలేవాళ్ళమే. మీరు తిట్టేవాళ్ళు, మేం పడేవాళ్ళం. ఈసారి అమావాస్యకి వదలొద్దన్నారు, ఆపాం. ఆపినందుకు నా చెరువు కూడా సగం పోయింది."

"ఎవడు ఆపమంది?"

రమేష్ బాబు పావని వైపు చూశాడు. ఆమె ఎవరి కూతురో ఆయనకి తెలుసు, ఎవరి వంతు ఎప్పుడో తెలియదు. అందుకే దాచకుండా చెప్పేశాడు. "ఈ మేడమే. డ్రైను మీద అందరికీ చెప్పారు. అమావాస్య పోటు వెళ్ళేదాకా ఆగమన్నారు. అడగండి, ఇక్కడే ఉన్నారుగా."

పాలెంలో పుట్టినవాళ్ళకి వంతుల వరస ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు. ఒక్కొక్కరే పున్నారావు వైపు తిరిగారు. పున్నారావు కూతురి వైపు తిరిగాడు.

"నిజమేనా?"

"మధ్య రోజుల్లో కొంచెం కొంచెంగా వదిలిద్దామనుకున్నా నాన్నా."

"మధ్య రోజుల్లో పాటుంటదా?" అన్నాడు ఆయన. గొంతులో కోపం లేదు. ఏదో తెలియక అడిగినట్టు అడిగాడు. జవాబు కూడా తనే చెప్పుకున్నాడు. "ఉండదు."

తిరిగి వచ్చేటప్పుడు ఆయన ఆమె పక్కన నడవలేదు.

పాలెం చేరాక పున్నారావు అందరి ముందూ వీరరాఘవమ్మకి చేతులు జోడించాడు. "నా వచ్చే వంతు నీది చెల్లెమ్మా. నేను తిన్నది నీ వంతు. గుంజలు కూడా నేనే పాతిస్తా."

"వంతు మార్చే పద్ధతి లేదు" అన్నాడు ముత్తయ్య.

"పద్ధతి ఇంకా ఉందా ముత్తయ్యా?"

వీరరాఘవమ్మ వల ఉతుకుతోంది. తల ఎత్తకుండానే, "ఏ ఏటి వంతు ఇస్తావన్నయ్యా?" అంది. "చూసొచ్చావుగా. చేప గుడ్డు కూడా మిగల్లేదు. చచ్చిన ఏటికి నేనొకసారి, నువ్వొకసారి కాపలా పడుకోవడానికా?"

బ్రహ్మాజీ చీరాలకి ఫోను చేశాడు. మగ్గం మీద ఇంకొకణ్ణి పెట్టుకున్నారట. ఫోను జేబులో పెట్టుకుని పావని వైపు చూశాడు. తిడతాడేమోనని ఆమె నిలబడింది. "వాన పడుద్దేమోనన్నావు" అన్నాడు, అంతే.

ఆ నాలుగు రోజులూ పున్నారావు కూతురితో మాట్లాడలేదు. కాంతమ్మే మధ్యలో ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసింది. "ఎవరి కోసం చేసిందయ్యా అది?" అని ఆమె అడిగితే, "అదే నాకు మింగుడు పడట్లేదు" అన్నాడు ఆయన. పడిన చేప సొమ్ముతో కొన్న కొత్త తాడు చుట్టని ఎవరికీ చెప్పకుండా తీసుకెళ్ళి వీరరాఘవమ్మ అరుగు మీద పెట్టి వచ్చాడు. సాయంత్రానికి అది తిరిగి ఈ ఇంటి అరుగు మీద ఉంది.

పావని ఉద్యోగం మానేస్తానని ఇంట్లో చెప్పింది. బాపట్లలో తనకి చదువు చెప్పిన మాస్టారిని కలిసి, ఏదైనా బడిలో పాఠాలు చెప్పుకునే పని అడుగుతానంది. పాలెంలో గోడలు పల్చన. మర్నాడు పొద్దున్నే ముత్తయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఏదో తీర్పు చెప్పడానికి వచ్చాడనుకుని పున్నారావు కండువా సర్దుకున్నాడు.

ముత్తయ్య టీ తాగాడు. ఎండ గురించి మాట్లాడాడు. గ్లాసు కింద పెట్టి, గొంతు తగ్గించాడు.

"అమ్మాయ్, జరిగిందేదో జరిగింది. వచ్చే అమావాస్య వంతు మాది. తెలుసుగా."

"తెలుసు మామయ్యా."

"ఒకసారి కొట్టుకుపోయిన ఏట్లోకి కొత్త చేప ఎక్కుద్దంటారు సముద్రం నుంచి. ఎక్కితే ఎక్కుద్ది. ఆ నాలుగు రోజులూ తూములు ఎత్తకుండా ఒక మాట చెప్పు. మీ నాన్నకి చెప్పినట్టే."

పున్నారావు ఆయన మొహంలోకి చూశాడు. "ఆ తర్వాత పున్నమి వంతు ఎవరిది ముత్తయ్యా?"

"ఎవరిదైతే వాళ్ళు చూసుకుంటారు. వాళ్ళూ వచ్చి అడుగుతారు. అడగొద్దన్నామా?" ముత్తయ్య లేచి, కండువా భుజం మీద వేసుకున్నాడు. "నేను ఈ మాట అడిగానని ఎక్కడా అనకండి. పెద్దరికం ఒకటి ఏడ్చింది నాకు."

ఆయన తర్వాత ఇంకొకరు వచ్చారు, గిన్నెలో మామిడికాయ పప్పుతో. ఆ తర్వాత ఇంకొకరు. చెరువులోళ్ళ మీద అర్జీ పెడదామని మొన్న అరిచినవాళ్ళే. ఒక్కొక్కరూ తమ వంతు ఎప్పుడో చెప్పి, ముందు వంతు వాళ్ళ సంగతీ వెనక వంతు వాళ్ళ సంగతీ ఎత్తకుండా వెళ్ళారు. పున్నారావు తలుపు దగ్గరికి వేశాడు. గడియ పెట్టలేదు, అలవాటు లేదు.

ఆ తలుపు తోసుకుని పొద్దు వాలాక వీరరాఘవమ్మ లోపలికి వచ్చింది. కాంతమ్మ పీట వాల్చింది. ఆమె కూర్చోలేదు. పావని లేచి నిలబడింది. ఇన్నాళ్ళూ ఎదురుచూసిన తిట్లు ఇప్పుడు పడతాయని, పడితే కాస్త తేలిక అవుతుందని అనుకుంది.

"ఉద్యోగం మానేస్తన్నావంట" అంది వీరరాఘవమ్మ.

"అవునత్తా."

"ఎందుకు?"

"ఏ మొహం పెట్టుకుని చెయ్యను?"

వీరరాఘవమ్మ ఆమెని కిందనుంచి పైకి ఒకసారి చూసింది. ఆ చూపులో పాత అత్తరికం లేదు. రేపల్లె కొట్లో సీసా బల్ల మీద పెట్టి, జవాబు కోసం నిలబడే రైతుల చూపులా ఉంది అది.

"ఆ మొహమే పెట్టుకుని చెయ్యి" అంది. "మళ్ళీ నా వంతు వచ్చేదాకా మానకు. వచ్చినాక నీ ఇష్టం."